వాడుతున్న ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌ని తయారుచేసిన కంపెనీయే ఆపేస్తే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఏం చేస్తాయి?

మాకు జరిగింది చెప్తాను. విజయవాడలో ఐదుగురం కలిసి నడుపుకునే కంపెనీ మాది. రైస్ మిల్లులకీ, మందుల హోల్‌సేల్ షాపులకీ బిల్లింగ్, అకౌంట్స్ ప్రోగ్రాములు చేస్తాం. అంతా విజువల్ ఫాక్స్‌ప్రో అనే మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ లాంగ్వేజ్‌లో రాసిందే. తొంభైల్లో పీజీడీసీఏ అనే కంప్యూటర్ డిప్లొమా చేసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, డీబేస్ అనే పాత డేటాబేస్ ప్రోగ్రాం అయ్యాక నేర్పేది ఫాక్స్‌ప్రోనే.

2007 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఇక కొత్త వెర్షన్ రాదని చెప్పేసింది. 2004లో వచ్చిన 9.0 ఆఖరిది, దానికి సపోర్ట్ 2015 జనవరి దాకా. అంటే చేతిలో దాదాపు ఎనిమిదేళ్లున్నాయి. మేం మాత్రం తెల్లారితే కొంప మునుగుతుందన్నట్టు కంగారుపడి, మొత్తం వీబీ డాట్ నెట్ అనే మైక్రోసాఫ్ట్ వారి కొత్త లాంగ్వేజ్‌లో తిరగరాయడం మొదలుపెట్టాం. ఇన్నేళ్లలో నేను చేసిన అతి ఖరీదైన పొరపాటు అదే.

పద్నాలుగు నెలలు కష్టపడి, గుడివాడ దగ్గర ఒక మిల్లులో కొత్త ప్రోగ్రాం పెట్టాం. అక్కడి గుమాస్తా గారు ఎడమ చేత్తో చీటీలు తిప్పుతూ, కుడి చేత్తో అంకెలు కొట్టి ఎంటర్ నొక్కుకుంటూ పోతారు. స్క్రీన్ వైపు చూడనే చూడరు. కొత్తదాంట్లో ప్రతి చీటీకీ మౌస్ పట్టుకోవాల్సి వచ్చింది. "బాబూ, చూడ్డానికి బాగానే ఉంది గానీ, సాయంత్రానికి లారీలు కదలాలి" అన్నారు.

అదైనా సర్దుకోవచ్చు. అసలు దెబ్బ లెక్కల్లో తగిలింది. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే బస్తాకి తరుగు తీయాలి. ఆ మిల్లులో మాత్రం తేడా ఒక పాయింట్ లోపుంటే వదిలేస్తారు. ఆ సంగతి ఎప్పుడో మా కుర్రాడొకడు అక్కడే కూర్చుని పాత కోడ్‌లో ఒక ఇఫ్‌గా, అంటే 'ఇలా అయితే ఇలా చేయి' అనే షరతుగా రాసేసి, ఎక్కడా నోట్ చేయకుండా ఉద్యోగం మానేశాడు. కొత్త ప్రోగ్రాం తు.చ. తప్పకుండా అందరికీ తరుగు కోసింది. రైతులు ఓనరు మీదికి, ఓనరు గారు నా మీదికి. మూడో రోజు పాతదే మళ్లీ ఎక్కించి వచ్చాం.

అప్పుడు గానీ తెలిసిరాలేదు, లాంగ్వేజ్ ఆపేసినంత మాత్రాన ప్రోగ్రాం ఆగిపోదని. మావి లాంటి 32-బిట్ విజువల్ ఫాక్స్‌ప్రో ప్రోగ్రాములు విండోస్ 11లో కూడా నడుస్తున్నాయి. డాస్ నాటి ఫాక్స్‌ప్రో 2.6 వాడేవాళ్ల కథ వేరు. 64-బిట్ విండోస్ దాన్ని అసలు నడపదు, పాత డాస్ ప్రోగ్రాములు నడిపించే డాస్‌బాక్స్ లాంటిది పెట్టుకోవాలి. మీరు వాడేది ఏ రకమో ముందు చూసుకోండి.

మాకు ప్రమాదం వచ్చింది ఇంకో వైపు నుంచి. ఒక శనివారం సాయంత్రం మందుల షాపు నుంచి ఫోన్, బిల్లు సేవ్ కావట్లేదని. చూస్తే స్టాక్ టేబుల్ 2 జీబీకి చేరింది. ఫాక్స్‌ప్రో డేటా దాచే డీబీఎఫ్ ఫైల్ అంతకు మించి పెరగదు. ఆ రాత్రికి పాత సంవత్సరాల రికార్డులు వేరే ఫైల్లోకి తీసి గట్టెక్కాం. తర్వాత ఏడాది పాటు ఒక్కో కస్టమర్ డేటానీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సర్వర్‌లోకి మార్చాం. స్క్రీన్లు ముట్టుకోలేదు, ప్రోగ్రాంనీ డేటాబేస్‌నీ కలిపే ఓడీబీసీ ద్వారా ఫాక్స్‌ప్రో నుంచే క్వెరీలు (డేటా కోసం అడిగే ఆదేశాలు) పంపాం. కరెంటు పోయినప్పుడల్లా ఇండెక్స్ (రికార్డులు త్వరగా వెతికే పట్టిక) పాడై వచ్చే ఫోన్లు కూడా దాంతో తగ్గాయి. నన్నడిగితే మొట్టమొదట చేయాల్సింది ఇదే.

2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు పాత కోడ్‌లోనే మార్పులు చేశాం, పెద్ద ఇబ్బంది లేదు. బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించే ఈ-ఇన్‌వాయిస్‌తోనే చిక్కు. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లకే మొదలైంది కాబట్టి మనకెందుకులే అనుకున్నాం. 2023 ఆగస్టుకి పరిమితి 5 కోట్లకి దిగింది, మా షాపుల్లో సగం అందులో పడ్డాయి. బిల్లు జేసన్ అనే డేటా ఫార్మాట్‌లో పంపాలి, ఫాక్స్‌ప్రోలో దానికి సొంతంగా ఏర్పాటు లేదు. సీ షార్ప్ అనే ఇంకో లాంగ్వేజ్‌లో చిన్న ప్రోగ్రాం రాసి పక్కన పెట్టాం. ఫాక్స్‌ప్రో బిల్లు అప్పజెప్తుంది, అది పోర్టల్‌కి పంపి నంబరూ క్యూఆర్ కోడూ తెచ్చిస్తుంది. అప్పట్నుంచి కొత్తగా ఏది అడిగినా సీ షార్ప్‌లోనే. తెలుగులో చీటీలు ప్రింట్ చేయడం కూడా అటే మార్చాం, తెలుగు లాంటి భాషల అక్షరాలకి కావాల్సిన యూనికోడ్ ఫాక్స్‌ప్రోకి లేదు కదా.

ఇప్పటికీ తీరని సమస్య మనుషులే. కొత్తగా చేరిన అమ్మాయి రెండో వారంలోనే అడిగింది, "సార్, ఇది నేర్చుకుంటే రేపు నాకు ఇంకెక్కడైనా ఉద్యోగం ఇస్తారా?" అని. ఇవ్వరు, అదే చెప్పాను. సగం రోజు సీ షార్ప్ పని ఇస్తేనే ఉంది. ఇలా కలిపి ఇవ్వలేకపోతే పాత కోడ్ తెలిసినవాళ్లు మీ దగ్గర మిగలరు.

ఇంకోటి, కోడ్‌ని ప్రోగ్రాంగా మార్చే కంపైలర్ ఉన్న కంప్యూటర్‌ని ఉన్నదున్నట్టు వర్చువల్ మెషీన్‌గా (వేరే కంప్యూటర్‌లో నడిపించుకోగల కాపీగా) రెండు చోట్ల దాచండి. మా హార్డ్ డిస్క్ ఒకసారి పోతే ఫాక్స్‌ప్రో సీడీ కోసం ఊరంతా తిరిగాం.

ఎంత తిరగరాయాలో తేల్చుకోవడానికి మాత్రం ముందు కస్టమర్ల దగ్గరికెళ్లి ఏ రిపోర్టులు నిజంగా ప్రింట్ తీస్తున్నారో అడగండి. మా దగ్గర రెండొందలకు పైగా ఉండేవి. వాళ్లు వాడేవి ముప్పై కూడా లేవు.