తిరుపతిలో ఒంటరి మహిళలకు, మణిపూర్ పిల్లలకు, పెద్దవయసువాళ్లకు బాడుగ ఇల్లు ఇవ్వట్లేదు. ఏం చేయాలి?

ఇల్లు నిజంగా అయిపోయిందా, మిమ్మల్ని చూసి అలా అన్నారా అన్నది ముందు తేల్చుకోండి. 'మీకివ్వం' అని ముఖమ్మీద చెప్పేవాళ్లు తక్కువ. 'ఇప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చి పోయినారు' అంటారు. అదే సాయంత్రం పెళ్లయిన తెలుగు స్నేహితుడి చేత ఆ టూలెట్ నంబరుకు ఫోన్ చేయించండి. 'రండి, చూసుకోండి' అన్నారంటే సంగతి తెలిసిపోతుంది.

అక్కడ చట్టం మాట ఎత్తినా పని జరగదు. జాతి, మతం, కులం, లింగం, పుట్టిన చోటు చూసి ప్రభుత్వం వివక్ష చూపకూడదని రాజ్యాంగం 15వ అధికరణ చెబుతుంది. దుకాణాలు, హోటళ్లలోకి రానివ్వకపోవడమూ అందులోకే వస్తుంది. సొంతింటి ఓనరుకు మాత్రం అది నేరుగా వర్తించదు. వయసైతే ఆ జాబితాలోనే లేదు. ఇది అన్యాయమే.

బాడుగ ఇళ్లు చూపించే పనిలో నేను చూసినంతవరకు, తెలిసినవాళ్లు పూచీ ఉంటేనే ఓనర్లు మెత్తబడతారు. అదే వీధిలో ఇప్పటికే ఉంటున్న సహోద్యోగితో కలిసి వెళ్లండి.

రుయా, స్విమ్స్ ఆసుపత్రుల చుట్టుపక్కల నైట్ డ్యూటీ నర్సులకు గొడవంతా గేటు దగ్గరే. రాత్రి పదికి తాళం వేస్తామంటారు. డ్యూటీ చార్టు చూపించి, గేటు తాళంచెవి ఒకటి మీకివ్వాలని అగ్రిమెంటులోనే రాయించండి. నోటిమాటగా వదిలేస్తే రెండో నెలలోనే పేచీ మొదలవుతుంది. ఐడీ కార్డు, మూడు నెలల జీతం స్లిప్పులు చాలు. 'మీ నాన్నొచ్చి మాట్లాడాలి' అంటే ఒప్పుకోకండి, బాడుగ కట్టేది మీరు. పెళ్లెందుకు కాలేదన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన పనీ లేదు.

మణిపూర్, మిజోరం పిల్లల విషయంలో చాలామంది ఓనర్లకు పోలీసుల భయం. విదేశీయులు దిగితేనే 24 గంటల్లో ప్రభుత్వానికి వివరాలు ఇవ్వాలి. వీళ్లు భారతీయులు, ఆధార్ చాలు. ఈ ఒక్క ముక్క నిదానంగా చెబితే తలుపు తెరిచే ఇళ్లున్నాయి. మాంసం వండకూడదన్న నియమం ఆ ఇంట్లో అందరికీ ఉందో, వీళ్లకేనో పక్క పోర్షన్‌వాళ్లను అడగండి. అందరికీ ఉంటే వేరే ఇల్లు చూసుకోవడమే మేలు. ఎండుచేపల వాసన మీద రోజూ తగవు పడుతూ చదువుకోలేరు.

పెద్దవాళ్లకు ఇల్లు ఇవ్వకపోవడానికి అసలు కారణం ఎవరూ బయటికి చెప్పరు. ఇంట్లో ప్రాణం పోతే, అదీ ధనిష్ఠా పంచకంలో అయితే, నెలల తరబడి ఇల్లు మూసిపెట్టాల్సి వస్తుందన్న భయం. కొడుకో కూతురో అగ్రిమెంటులో రెండో సంతకం పెట్టి, ఏ వేళకైనా పలికే ఫోన్ నంబరు ఇస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. ఓనరు పైఅంతస్తులో కాకుండా వేరేచోట ఉండే ఇల్లు వెతకండి, అలాంటివాళ్లకు ఈ పట్టింపు తక్కువ. కింది అంతస్తే తీసుకోండి.

అడ్వాన్సు ముందున్నవాళ్లు ఎంత ఇచ్చారో కనుక్కుని అంతే ఇవ్వండి. మీరు ఒంటరివాళ్లనో, బయటి రాష్ట్రమనో ఎక్కువడిగితే అది జరిమానానే. 11 నెలల అగ్రిమెంటులో అడ్వాన్సు ఎన్నాళ్లకు తిరిగిస్తారు, గోడల సున్నానికి ఎంత పట్టుకుంటారు, ఖాళీకి ఎంత ముందు చెప్పాలి అన్నవి తప్పక ఉండాలి.

బూతులు తిట్టినా, సామాను బయట పడేసినా 112కి ఫోన్ చేయండి. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు న్యాయసేవల సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, నంబరు 15100. పెద్దవాళ్లకు హెల్ప్‌లైన్ 14567 ఉంది.