జీతం బిల్లు ఎప్పుడూ వెనకే

ఈ నెల వచ్చిన వాటిలో నాలుగు ఉత్తరాలు విమానాల గురించే ఉన్నాయి. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కంపెనీల్లో పద్నాలుగేళ్లు జీతాల సెక్షన్‌లో పనిచేశాను. అందుకని ఈసారి బ్యాంకు, ఇన్సూరెన్స్ ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మూడెకరాల పొలం బ్యాంకులో పెట్టి, చాలక బయట మిత్తికి తెచ్చి మా చిన్నోడిని పైలట్ చదివించాను. లైసెన్స్ వచ్చి ఏడాదిన్నర అయింది. ఇప్పుడు చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఒక కంపెనీ పిలిచింది. ట్రైనింగ్ ఖర్చు మేమే పెట్టుకోవాలట. ఐదేళ్ల బాండ్ రాయాలట. మొదటి ఆరు నెలలు స్టైపెండేనట. చేరమనాలా, ఆగమనాలా?
– ఒక రైతు

జవాబు: అన్నా, పోవద్దని చెప్పను. 200 గంటలతో లైసెన్స్ తీసుకుని ఇంట్లో కూర్చున్న పిల్లల మొహాలు నేను చూశాను. కెప్టెన్ కావాలంటే పెద్ద లైసెన్స్ కావాలి, దానికి 1,500 గంటలు ఎగిరి ఉండాలి. ఆ గంటలు ఇంట్లో కూర్చుంటే రావు. చిన్న కంపెనీలో రోజుకు నాలుగైదు సార్లు ఎక్కి దిగే ఏటీఆర్ అనే చిన్న పంకాల విమానం మీద చేతికి మంచి పని వస్తుంది. ఏ షరతుల మీద చేరుతున్నాడన్నదే చూడాలి.

మా బాపు పాలమూరు లేబర్. కోతలు కాగానే మేస్త్రీ ఊళ్లోకి వచ్చి ఇంటికింత అని అడ్వాన్స్ ఇచ్చేవాడు. ఆ పైసలు సాయంత్రానికే షావుకారు బాకీకి పోయేవి. ఇక మేస్త్రీ ఏ కాలువ పనికి తీసుకుపోతే అక్కడికి పోవాలి. కూలి సరిగ్గా ఇచ్చినా ఇవ్వకపోయినా లెక్క తేలేదాకా తిరిగి రావడానికి లేదు. పైలట్ బాండ్ కాగితం మొదటిసారి నా టేబుల్ మీదికి వచ్చినప్పుడు నాకు ఆ అడ్వాన్సే గుర్తొచ్చింది. అయితే మేస్త్రీ తన పైసలు ఇచ్చి కట్టేసుకునేవాడు. మీ విషయంలో ట్రైనింగ్ పైసలు మీరే కట్టి, బాండ్ కూడా మీరే రాస్తున్నారు. మీ ఉత్తరంలో నాకు బాధ కలిగించింది ఆ ముక్కే.

బాండ్ ఉండేది కంపెనీ పెట్టిన ఖర్చును కాపాడుకోవడానికి. ఖర్చే మీదైనప్పుడు ఐదేళ్ల బాండ్ దేనికి? మొహమాటపడకుండా అడగమనండి. బాండ్‌లో ఎంత పెద్ద అంకె రాసుకున్నా, ఆ అంకెకు లోబడి సమంజసమైన నష్టపరిహారమే ఇప్పించాలని కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. అంకె వేయకుండా సంతకం చేసిన చెక్కులు ఇస్తే మాత్రం వ్యవహారం వేరు. చెక్ బౌన్స్ అంటే క్రిమినల్ కేసు. చెక్కులూ ఇవ్వొద్దు, ఒరిజినల్ సర్టిఫికెట్లూ వాళ్ల బీరువాలో పెట్టొద్దు.

ఇంకో రెండు అడగాలి. ఆ ఆరు నెలలు ఏ రోజు నుంచి లెక్క? చేరిన రోజు నుంచి అయితే సరే. ‘లైన్ రిలీజ్’ అయిన రోజు నుంచి అంటే, అంటే ట్రైనింగ్, నడిపి చూపే పరీక్షలు అన్నీ పూర్తయి ప్యాసింజర్లతో మామూలు డ్యూటీకి వదిలిన రోజు నుంచి అంటే, జాగ్రత్త. సిమ్యులేటర్ (నేల మీదే విమానం నడపడం నేర్పే యంత్రం) స్లాట్ దొరకలేదని పిల్లల్ని నెలల తరబడి కూర్చోబెట్టడం నేను చూశాను. రెండోది, నెలకు ఇన్ని గంటల జీతం గ్యారంటీ అని లెటర్‌లో ఉందా, ఎగిరినన్ని గంటలకేనా? విమానం రిపేరుకు పోయి పదిహేను రోజులు ఆగితే మీ ఇంటికి ఎంత వస్తుందో అంకెల్లో రాయించుకోండి. ఏటీఆర్ మీద తీసుకున్న రేటింగ్‌తో (ఒక్కో రకం విమానానికి విడిగా తీసుకునే అనుమతితో) ఎయిర్‌బస్ నడపడానికి లేదని కూడా గుర్తుంచుకోండి. పెద్ద కంపెనీకి మారితే మళ్లీ లక్షలు పెట్టి ఆ రేటింగ్ వేరే చేయాలి.

వాళ్లు ఇంత బిగించడానికి కారణం ఉంది. ఒక ఊరికి రెండు కంపెనీలు నడుపుతున్నాయనుకోండి. మన దేశంలో విమానం నడిపే ఖర్చులో దాదాపు నలభై శాతం ఇంధనానిదే, ఆ ధర ఇద్దరికీ ఒకటే. విమానం అద్దె డాలర్లలో కట్టాలి, రూపాయి పడితే అది పెరుగుతుందే తప్ప తగ్గదు. ఎయిర్‌పోర్టు ఛార్జీలూ అంతే. టికెట్ మీద రెండు వందలు తగ్గించి ఎదుటివాడి ప్యాసింజర్‌ను లాక్కోవాలంటే చెయ్యి పెట్టగలిగేది మనుషుల జీతం మీదే. అందులోనూ కొత్తగా వచ్చే కోపైలట్ మీద, ఎందుకంటే గేటు బయట మీ అబ్బాయి లాంటి వాళ్లు చాలామంది ఉన్నారు.

నా మాట ఇది: ట్రైనింగ్ ఖర్చు వాళ్లు పెట్టుకుంటే బాండ్ రాయండి, బాండ్ తీసేస్తే ఖర్చు మీరు పెట్టుకోండి. రెండూ కావాలంటే మాత్రం ఆ పొలం మీద ఇంకో రూపాయి తేవొద్దు.

ప్రశ్న: మేడమ్, మా నాన్న ఆటో నడుపుతారు. నెలకు లక్షలు తీసుకునే పైలట్లు జీతాలు చాలవని గొడవ చేస్తే మాలాంటి వాళ్లకు కోపం వస్తుంది. ఇది న్యాయమేనా?
– డిగ్రీ విద్యార్థి, నాగర్‌కర్నూల్

జవాబు: బిడ్డా, మీ నాన్నగారి ఆటో లెక్కతోనే చెబుతాను. స్టాండులో నిలబడ్డ గంటలకు ఆయనకు ఎవరైనా పైసలిస్తారా? కిరాయి దొరికి బండి కదిలితేనే కదా. పైలట్ జీతంలో గంటల లెక్క ఉన్న భాగం కూడా అట్లాంటిదే. విమానం పార్కింగ్‌లో చక్రాల కింది చాక్స్ (అడ్డు దిమ్మలు) తీసి కదిలినప్పటి నుంచి, తిరిగి చాక్స్ పెట్టేదాకానే గంటలు. చిన్న ఊళ్ల విమానాల్లో ఒక్కో ప్రయాణం గంటే. తెల్లవారుజామున రిపోర్టు చేసి, నాలుగు ఊళ్లు తిరిగి, ఊరూరా ప్యాసింజర్లు దిగి ఎక్కేదాకా ఆగి, పది గంటలు డ్యూటీలో ఉంటే లెక్కలోకి వచ్చేది నాలుగైదు గంటలు. పెద్ద విమానంలో ఒక్కసారి ఎక్కి దూరదేశం పోయే వాళ్ల సంగతి వేరు. నాలుగుసార్లు దించడంలో ఉండే టెన్షన్ గంటల లెక్కలో కనబడదు.

అందరికీ లక్షలు వస్తాయన్నదీ నిజం కాదు. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ అనే చిన్న కంపెనీ విమానం కూలి 50 మంది పోయారు. కెప్టెన్ తప్పుగా స్పందించడమే కారణమని విచారణలో తేల్చారు. అదే విచారణలో ఇంకో సంగతి బయటపడింది. ఆ కోపైలట్ జీతం ఏడాదికి 16,000 డాలర్ల దగ్గర. డ్యూటీ ఎక్కాల్సింది నెవార్క్‌లో, ఆమె ముందు రాత్రంతా సియాటిల్ నుంచి ప్రయాణం చేసి వచ్చింది. టికెట్ మీద, విమానం మీద ఉన్నది పెద్ద కంపెనీ పేరు. నడిపింది తక్కువ రేటుకు కాంట్రాక్టు తీసుకున్న చిన్న కంపెనీ. ఆ దేశంలో ఏళ్ల తరబడి ఇట్లాగే నడిచింది. 2001లో అక్కడి కోమేర్ అనే చిన్న కంపెనీ పైలట్లు 89 రోజులు సమ్మె చేసి జీతాలు పెంచుకున్నారు. ఆ తర్వాత తక్కువకు నడిపే వాళ్లతో పోటీ పడలేక ఆ కంపెనీ చిక్కిపోయి 2012లో మూతపడింది. చివరికి పైలట్ల కొరత వచ్చాక, 2022లో అక్కడి కొన్ని చిన్న కంపెనీలు మొదటి ఏడాది కోపైలట్‌కు గంటకు 90 డాలర్ల దాకా ఇచ్చాయి. పదమూడేళ్ల ముందు ఇవ్వలేమన్నది కూడా అదే పనికి.

నీ కోపం నాకు అర్థమవుతుంది. మా ఇంట్లోనూ కూలి పైసలే తిన్నాం. కానీ కూలి ఎంతైనా, చేసిన పనికి చెప్పిన రోజున రావాలన్న మాటలో మీ నాన్నగారూ ఆ పైలటూ ఒకే వైపు ఉన్నారు.

ప్రశ్న: గుడిబండ దగ్గర ఎయిర్‌పోర్టు వస్తుందని ఏళ్ల నుంచి వింటున్నాం. వస్తే మాకు చవకగా విమానం దొరుకుతుందా?
– దేవరకద్ర పాఠకుడు

జవాబు: శంషాబాద్‌కు చుట్టూ 150 కిలోమీటర్లలో 25 ఏళ్ల దాకా ఇంకో ఎయిర్‌పోర్టు ఉండకూడదని ఒప్పందంలో ఉంది. శంషాబాద్ మొదలైంది 2008లో. వరంగల్ మామునూరుకు 2025లో ఆ షరతు సడలింది. గుడిబండకూ అట్లాంటి సడలింపే కావాలి.

కట్టడం ఒక ఎత్తు, విమానం నిలబడడం ఇంకో ఎత్తు. ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న కడప నుంచి, నాందేడ్ నుంచి హైదరాబాద్‌కు విమానాలు మొదలైనప్పుడు ఎంత సంతోషించామో. గంట ప్రయాణానికి సగం సీట్లు 2,500 రూపాయలకు, ఆ నష్టం పూడ్చడానికి మూడేళ్లు సర్కారు సాయం. 2023లో సర్కారు ఖర్చులను తనిఖీ చేసే కాగ్ లెక్క తీస్తే, ఇచ్చిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు నిండినవి 112. ఆ తర్వాత కూడా నిలబడినవి 54. సాయం ఆగిన నెల నుంచి కంపెనీ దేన్ని కోస్తుందో పైన రైతన్నకు రాశాను. మీ దగ్గర నుంచి 44వ నంబరు హైవే మీద గంటన్నర, రెండు గంటల్లో శంషాబాద్ చేరొచ్చు. ప్రస్తుతానికి మీకు అదే చవక.

ప్రశ్న: వదినా, నేను టీచర్‌ని. మా అల్లుడు ఒక చిన్న విమాన కంపెనీలో ఫస్ట్ ఆఫీసర్. మూడు నెలలుగా జీతం లేదు, అయినా డ్యూటీకి పోతూనే ఉన్నాడు. మానేద్దామంటే ఆరు నెలల నోటీసు అంటున్నారు. అమ్మాయి ఆరో నెల గర్భిణి. మాకు రాత్రిళ్లు నిద్ర లేదు.
– ఒక తల్లి, వనపర్తి

జవాబు: వదినా, మీ ఉత్తరం రెండుసార్లు చదివి పక్కన పెట్టి, మళ్లీ తీశాను. నేను పనిచేసిన ఒక కంపెనీలో ఇదే జరిగింది. నెలాఖరు సాయంత్రం మా టేబుల్ మీద బిల్లులు వరుసగా పేర్చేవాళ్లం. బాకీ పెరిగిపోయిందని చమురు కంపెనీ అరువు ఆపేసింది, ఏ రోజు ఇంధనానికి ఆ రోజు ముందే కట్టాలి. కట్టకపోతే పొద్దున విమానం లేవదు. అద్దె కట్టకపోతే విమానం తీసుకుపోతారు. ఎయిర్‌పోర్టు వాళ్లకు కట్టకపోతే దిగనివ్వరు. ఈ బిల్లులన్నిటి మీదా పెద్దసారు టిక్ పెట్టి, అడుగున ఉన్న జీతాల షీటు తిప్పి పెట్టి, ‘వచ్చే వారం చూద్దాం’ అని లేచిపోయేవారు. జీతం ఇవ్వకపోయినా మర్నాడు పొద్దున ఐదింటికి పైలట్ వస్తాడని ఆయనకు తెలుసు.

ఒక రోజు ఒక కోపైలట్ వచ్చి, బ్యాంకు వాళ్లకు చూపించడానికి జీతం సర్టిఫికెట్ కావాలన్నాడు. తెల్ల చొక్కా కాలర్ మడత దగ్గర దారం లేచి ఉంది, వేలితో దాన్ని లోపలికి నొక్కుకుంటున్నాడు. ‘నెలనెలా చెల్లిస్తున్నాము’ అని టైప్ చేసి ఇచ్చింది ఈ చేతులే. రెండు నెలలుగా చెల్లించలేదని నాకు తెలుసు. ఆ కాగితం తీసుకుని అతను థాంక్స్ చెప్పి పోయాడు. ఆ తర్వాత నాలుగో వారంలో నేను రాజీనామా ఇచ్చాను. ఆ పని ముందే చేయవలసింది.

ఇప్పుడు మీ అల్లుడు చేయవలసినవి. ఈ రాత్రే ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరవమనండి. ఏ నెల పీఎఫ్ అయినా తర్వాతి నెల 15 లోపు కట్టాలి. అట్లాగే ఆదాయపన్ను 26ఏఎస్, అంటే జీతంలో కోసిన పన్ను తన పేరున జమ అయిందో లేదో చూపే కాగితం, చూడమనండి. జీతంలో కోసి సర్కారుకు కట్టకపోతే అది ఆలస్యం కాదు, నేరం. జీతం ఆగడానికి ముందు ఆగేవి ఈ రెండే, మా సెక్షన్‌లో మొదట తెలిసేదీ అక్కడే.

నోటీసు సంగతి. విమాన కంపెనీల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ డీజీసీఏ 2017 నిబంధన ప్రకారం కోపైలట్‌కు, అంటే ఫస్ట్ ఆఫీసర్‌కు, ఆరు నెలలు, కెప్టెన్‌కు ఏడాది. కానీ కంపెనీ జీతం, సదుపాయాలు తగ్గించినా, క్రమంగా డ్యూటీ వేయకపోయినా గడువుకు ముందే వదిలేయమని అడిగే వీలు అదే నిబంధనలో ఉంది. మూడు నెలలు జీతం లేకపోవడాన్ని ఆధారంగా చూపించి రాతపూర్వకంగా అడగాలి, కాపీ డీజీసీఏకు పంపాలి. ఫోన్‌లో మాట్లాడుకున్న దానికి విలువ లేదు. డ్యూటీ రోస్టర్లు, లాగ్‌బుక్ పేజీలు, పే స్లిప్పులు అన్నీ ఫొటోలు తీసి ఇంట్లో పెట్టుకోమనండి. కంపెనీ ఆగిన రోజు ఆఫీసు కంప్యూటర్లు తెరుచుకోవు.

ఆగుతుందని శాపం పెట్టడం లేదు. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగింది, అప్పటికే వాళ్ల పైలట్లకు నెలల జీతం బాకీ. ఆస్తులు అమ్మేయమని సుప్రీంకోర్టు చెప్పింది 2024 నవంబర్‌లో. అన్నేళ్లు ఎదురుచూశారు. అట్లాంటి పంపకంలో ‘వర్క్‌మన్’ (చట్టం లెక్కలో కార్మికుడు) కిందికి వచ్చే వాళ్లకు 24 నెలల బాకీ బ్యాంకులతో సమాన వరుసలో వస్తుంది, మిగతా ఉద్యోగులకు 12 నెలలదే, అదీ వాళ్ల తర్వాత. పైలట్ కూడా వర్క్‌మనేనని ఢిల్లీ హైకోర్టు 2024లో ఒక కేసులో తీర్పు ఇచ్చింది. లాయర్‌ను కలిస్తే మొదట అడగవలసిన మాట అదే. పీఎఫ్, గ్రాట్యుటీ సొమ్ము ఆ పంపకంలో కలపకూడదు.

అతను డ్యూటీ మానకుండా పోతున్నాడని కోప్పడకండి వదినా. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు లేకపోతే మళ్లీ నడిపి చూపాలి, కొత్త కంపెనీ అదీ చూస్తుంది. అయితే నిద్ర సరిపోని రోజు మాత్రం ‘ఫెటీగ్’ అని రాసి డ్యూటీ వద్దనమనండి. అట్లా చెప్పవలసిన బాధ్యత నిబంధనలోనే ఉంది.

పాస్‌బుక్‌లో ఆఖరిగా జమ అయిన నెల ఏదో నాకు రాయండి. ఫిర్యాదు ఏ నెల నుంచి వేయాలో, అందులో ఏమేం జత చేయాలో ఉత్తరం అందిన రోజే రాసి పంపుతాను. పత్రికలో వచ్చేదాకా ఆగనక్కర్లేదు.