రాసిన పేరా చెరిపేయకండి
రెండు పేరాలు రాయగానే ‘ఇదీ ఒక కథేనా’ అనిపించి చెరిపేస్తున్నాననీ, ఆఫీసు నుంచి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఇంటికి చేరేసరికి ఓపిక ఉండట్లేదనీ మీరు అన్నారు. లోపం మీ ప్రతిభలో లేదండీ. రాయడం, దిద్దడం ఒకేసారి చేస్తున్నారు, అదే చిక్కు. మొదటి ప్రతి నోట్‌బుక్‌లో పెన్నుతో రాయండి. నచ్చని వాక్యం మీద ఒక్క గీత గీసి ముందుకెళ్లండి. అది కనపడుతూనే ఉండాలి, తర్వాత పనికొస్తుంది.

రాత్రి మిగిలే ఓపికను నమ్ముకోవద్దు. పర్పుల్ లైన్ మెట్రో మీ వైట్‌ఫీల్డ్‌లోనే బయల్దేరుతుంది కాబట్టి పొద్దున సీటు దొరికే అవకాశం ఎక్కువ. ఎంజీ రోడ్డు వచ్చేలోపు అరపేజీ రాసినా చాలు. సన్నివేశం ముగించి ఆపకండి. ఎవరో తలుపు కొట్టారనుకోండి, తీయకముందే ఆపేయండి. మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలా అనే టెన్షన్ ఉండదు.

పూర్తయ్యాక రెండు వారాలు పక్కన పెట్టి, పైకి చదవండి. నాలుక తడబడిన చోట దిద్దండి. ఆ ప్రతి నాకు పంపండి, తప్పకుండా చదువుతాను.