పక్షవాతంతో పడిపోయిన చెయ్యి మళ్ళీ ఎలా కదులుతుంది? చచ్చిన మెదడు కణాలు తిరిగి పుడతాయా?

దాదాపుగా పుట్టవు. పక్షవాతంలో మెదడుకి రక్తం అందక చచ్చిన కణాలు పోయినట్టే. కాకపోతే మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. పోయినవాటి పనిని బతికున్నవి కొంతవరకు నేర్చుకుంటాయి, వాటి మధ్య కొత్త కనెక్షన్లు ఏర్పడతాయి. దీన్నే న్యూరోప్లాస్టిసిటీ అంటారు. మలక్‌పేటలో మెయిన్ రోడ్డు తవ్వేస్తే ఆటోవాళ్ళు గల్లీల్లోంచి దారి తీసినట్టన్నమాట. మొదట్లో తికమక, రోజూ తిరిగితే అదే అలవాటైన దారి.

కానీ తిరగాలి. అసలు కిటుకంతా అక్కడే ఉంది. మా మేనమామకి కుడిచెయ్యి పడిపోయినప్పుడు అన్నీ ఎడమచేత్తోనే కానిచ్చేవాడు. మేమూ పాపం అని అన్నం కలిపి తినిపించేవాళ్ళం. ఫిజియోథెరపీ అమ్మాయి మా అందరికీ క్లాసు పీకింది. వాడని చెయ్యిని మెదడు క్రమంగా పక్కనపెట్టేస్తుంది. అమెరికన్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ బాగున్న చేతిని కదలకుండా కట్టి, కాస్తో కూస్తో కదిలే రెండో చేత్తోనే గంటలకొద్దీ పని చేయించే పద్ధతి తెచ్చింది అందుకే.

ఆ తర్వాత మామయ్య పళ్ళెంలో శనగలు ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేసేవాడు. పది తీస్తే ఆరు కిందే! ఇప్పుడు ఇరానీ చాయ్ కప్పు తనే ఎత్తుతాడు. సాసర్ కాస్త గలగలమంటుంది, అంతే.

సాధారణంగా మొదటి 3 నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది. తర్వాత నెమ్మదిస్తుంది గానీ సాధన మానకపోతే ఏళ్ళ తర్వాత కూడా కొంత కోలుకునేవాళ్ళున్నారు.