ఆయన రిటైరయ్యారు, మరి నేను?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్నాము. నా భర్తకు 67 ఏళ్లు, నాకు 63 నిండి అయిదు నెలలు. ఒక మందుల కంపెనీలో ముప్ఫై ఏళ్లకు పైగా కెమిస్టుగా పనిచేసి ఏడు నెలల క్రితం రిటైరయ్యారు. అప్పటి నుంచి ఇంట్లో నాకు ఊపిరాడటం లేదు. పోపుల డబ్బాలు సర్ది చీటీలు అంటించారు, ఫ్రిజ్‌లో ఏది ముందు వాడాలో పట్టిక రాసి తలుపుకు తగిలించారు, నేను గడప దాటితే ఎప్పుడొస్తావని అడుగుతారు. ఇప్పుడు ఈ ఇల్లు అమ్మేసి, ఫ్లోరిడాలో ఆయన స్నేహితులిద్దరు ఉంటున్న, యాభై అయిదేళ్లు దాటినవారి కాలనీలో ఇల్లు కొందామంటున్నారు. నాకు వారానికి మూడు రోజులు కౌంటీ లైబ్రరీలో ఉద్యోగం ఉంది, మానాలని లేదు. 'నాన్న ఇంట్లోనే ఉన్నారుగా' అంటూ మా అమ్మాయి తన ఇద్దరు పిల్లలనూ డేకేర్ మాన్పించి మా దగ్గర వదులుతానంటోంది. చలికాలంలో రెండు నెలలు రాజమండ్రిలో 86 ఏళ్ల మా అమ్మ దగ్గర ఉండాలని నా కోరిక, కానీ ఆయనకు అక్కడి దుమ్ము పడదు. ఏం చెప్పినా 'నేను మా నాన్నలా పడక కుర్చీలో కూర్చుని చావను' అంటారు. మా మామగారు తాలూకా ఆఫీసులో గుమస్తా. 1983లో 55 ఏళ్లకే ఇంటికి వచ్చేసి, ఏడేళ్లలో పోయారు. ఇన్నేళ్ల కాపురం తరువాత విడిగా ఉంటే బాగుండునన్న ఆలోచన వస్తున్నందుకు సిగ్గుగా ఉంది. ఆయన చెడ్డవారు కారు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మనసు సంగతి చెప్పుకుంటే బీమా కాగితాల గురించి మాట్లాడుతున్నానని నొచ్చుకోకండి. మీ ఉత్తరంలో అన్నిటికన్నా తొందరపడవలసిన మాట 'ఏడు నెలల క్రితం' అన్నది. ఉద్యోగంలో ఉండగా కంపెనీ బీమా మీద ఆధారపడి మెడికేర్ (65 నిండినవారికి ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా) పార్ట్ బి, అంటే డాక్టర్ల ఖర్చుల భాగం, తీసుకోనివారికి, ఉద్యోగం ముగిశాక దానిలో చేరడానికి ఎనిమిది నెలల ప్రత్యేక గడువు ఉంటుంది. ఆయన అందులో చేరారో లేదో మీరు రాయలేదు. కాబ్రా (ఉద్యోగం మానాక పాత కంపెనీ బీమాను సొంత డబ్బుతో కొనసాగించే వీలు) కింద పాత బీమా నడుస్తోంది కదా అని ఊరుకున్నవారు చాలామంది ఉన్నారు కానీ, ఈ లెక్కకు కాబ్రా ఉద్యోగ బీమా కిందికి రాదు. గడువు దాటితే, ఆలస్యమైన ప్రతి పన్నెండు నెలలకూ ప్రీమియంలో పది శాతం చొప్పున అదనంగా కట్టాలి, అదీ ఆ బీమా ఉన్నంతకాలమూ. ఇక మీ సంగతి. మీకు మెడికేర్ రావడానికి ఇంకా పంతొమ్మిది నెలలు ఉంది. కాబ్రా సాధారణంగా పద్దెనిమిది నెలలే, అందులో ఏడు అయిపోయాయి. అంటే మధ్యలో సుమారు ఎనిమిది నెలలు మీకు బీమా లేకుండా పోయే వీలుంది. లైబ్రరీ వారు మూడు రోజుల ఉద్యోగికి బీమా ఇస్తారేమో అడగండి. ఇవ్వకపోతే కాబ్రా ముగిసే వేళకు, బీమా ప్లాన్లు అమ్మే మీ రాష్ట్ర మార్కెట్‌ప్లేస్‌లో చేరడానికి అరవై రోజుల సమయం ఉంటుంది, ఆ తేదీని ఈ రోజే క్యాలెండరులో రాసుకోండి. పట్టికలు రాయడం మీవారికి చేతనైన పని కాబట్టి ఈ లెక్కంతా ఆయనకే అప్పగించమని నా సలహా. ఫ్రిజ్ తలుపు కన్నా ఇది పట్టికకు తగిన చోటు.

ఇప్పుడు పడక కుర్చీ సంగతి. మీరు ఆ మాటను గొడవలో వచ్చిన ఎత్తిపొడుపుగా రాశారు గానీ, మొత్తం ఉత్తరానికి అదే తాళంచెవి అని నాకు అనిపించింది. 1983లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు, ఇంకా మూడేళ్లు ఆఫీసుకు వెళతామనుకున్నవారు ఒక్కసారిగా ఇళ్లకు చేరారు. కూతురి పెళ్లి, కొడుకు చదువు, ఇంటి అప్పు అన్నీ ఆ మూడేళ్ల జీతం మీద లెక్క వేసుకున్నవారు వారు. తరువాత ఆ వయస్సును మళ్లీ 58 చేశారు కానీ, మీ మామగారు మాత్రం ఆ ఆఫీసుకు మళ్లీ వెళ్లినట్టు లేదు. మీవారికి అప్పుడు పాతికేళ్లు. రోజూ పదింటికి సైకిలెక్కి వెళ్లే తండ్రి పదింటికి పేపరు మడిచి కళ్లు మూసుకోవడం ఆయన చూశారు. విశ్రాంతి అన్న మాట వినగానే కొందరికి సముద్రపు ఒడ్డు గుర్తుకొస్తే, ఆయనకు ఆ కుర్చీ గుర్తుకొస్తుంది. పోపుల డబ్బాలకు చీటీలు అంటించినా, ఫ్లోరిడాకు పరుగు తీయాలన్నా, ఆ మనిషి పారిపోతున్నది ఒక్కచోటు నుంచే.

ఆయన పరుగెత్తి చేరదామనుకుంటున్న చోటుకు కూడా ఒక చరిత్ర ఉంది. 1960 జనవరి 1న డెల్ వెబ్ అనే కట్టడాల వ్యాపారి అరిజోనాలో ఫీనిక్స్ దగ్గర సన్ సిటీ అనే కాలనీని తెరిచాడు. గోల్ఫు మైదానం, ఈత కొలను, క్లబ్బు, దుకాణాలు అన్నీ పెద్దవయస్సు వారికోసమే కట్టి, ముసలితనమంటే వరండాలో ఊగే కుర్చీ కాదు, ఇది రెండో యౌవనం అని అమ్మాడు. మొదట కొన్నవారు బేబీ బూమర్లకు, అంటే రెండో ప్రపంచ యుద్ధం తరువాత పుట్టిన తరానికి, ముందు తరాలవారు. 1946 నుంచి 1964 వరకు అమెరికాలో పుట్టిన ఏడున్నర కోట్ల పైచిలుకు మందికి ఆ ఊహ వారసత్వంగా వచ్చింది. వారు దానికి క్రూయిజులూ, ఇల్లంత వ్యానులూ, ఇప్పుడు పికిల్‌బాలూ కలుపుకున్నారు. (ఈ ఆట 1965లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక ద్వీపంలో, సెలవుల్లో తోచని పిల్లల కోసం పుట్టిందట. అరవై ఏళ్లకు తోచని పెద్దల చేతికి చేరింది.) మీవారు పుట్టింది మన జిల్లాల్లోనే అయినా, ముప్ఫై ఏళ్లు ఆ తరం వారి పక్క బల్లల దగ్గర పనిచేశారు, వారితో కలిసి 401(కె) అనే విరమణ పొదుపులో దాచుకున్నారు, వారు వేసుకున్న ప్రణాళికలే విన్నారు. విరమణ తరువాత ఎలా బతకాలో ఆయనకు తెలిసిన నమూనాలు రెండే రెండు: తండ్రి కుర్చీ, స్నేహితుల ఫ్లోరిడా. మొదటిది వద్దనుకున్నవాడు రెండోదాన్ని పట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. మూడోది ఉంటుందని ఆయనకు ఎవరూ చూపించలేదు.

అయితే ఆ రెండు నమూనాల్లోనూ మీరు ఎక్కడున్నారో గమనించారా? తాలూకా ఆఫీసు గుమస్తాను ఇంటికి పంపడానికి ఉత్తర్వు వచ్చింది, ఆయన భార్యకు వంటింటి నుంచి విరమణ ఇస్తూ ఏ జీవో రాలేదు. మీ అత్తగారు ఆ ఏడేళ్లూ ఆ కుర్చీ దగ్గరికి కాఫీ మోశారు. ఫ్లోరిడా కాలనీ ప్రకటనల్లో మీ వయస్సు స్త్రీ నవ్వుతూ ఈత కొలను పక్కన ఉంటుంది, సాయంత్రం వంట ఎవరు చేశారో ఆ బొమ్మలో కనపడదు. పెళ్లయి డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఉద్యోగం చేసే అనుమతి లేక, పిల్లలను పెంచి, ఆ తరువాత లైబ్రరీలో చేరినవారి కథలు మీ తరం తెలుగు ఇళ్లలో నాకు చాలా తెలుసు. మీదీ అలాంటిదే అయితే, ఆయన పని జీవితం ముగిసే సమయానికి మీది సగంలో ఉంది. ఆయనకు సెలవులు మొదలైన రోజునే మీకు ఇంట్లో పని పెరిగింది. మీకు ఊపిరాడకపోవడానికి కారణం ఆయన స్వభావం కన్నా ఈ లెక్కలోని తేడాయే అని నా అభిప్రాయం.

ఈ మాట మీరు ఆయనతో ఎప్పుడైనా చెప్పారా? కోపంలో కాదు, కూర్చోబెట్టి. మీ ఉత్తరంలో ఆయన అన్న మాటలున్నాయి, అమ్మాయి అన్న మాటలున్నాయి, మీరు అన్న మాట ఒక్కటి కూడా లేదు. మౌనంగా సర్దుకుపోయి, లోపల విసిగి, చివరికి పరాయివారికి ఉత్తరం రాయడం మన ఇళ్లలో పాత పద్ధతే. ఇందులో కొంత బాధ్యత మీది కూడా అని చెప్పడానికి నేను సందేహించను. ముప్ఫై ఏళ్లు రోజుకు పది మందితో మాట్లాడిన మనిషి ఇప్పుడు మాట్లాడేది మీ ఒక్కరితోనే. 'ఎప్పుడొస్తావు' అన్నది మీకు కాపలాగా వినిపిస్తోంది గానీ, ఆ తరువాతి నాలుగు గంటలు ఏం చేయాలో తెలియని మనిషి ప్రశ్న కూడా అదే కావచ్చు.

కాబట్టి ముందు ఊరి సంగతి పక్కన పెట్టి, రోజు సంగతి మాట్లాడుకోండి. వంటింట్లో సాయం చేయమని మాత్రం అడగకండి, సాయం చేసేవాడు సలహాలు ఇస్తాడు. మధ్యాహ్న భోజనం పూర్తిగా ఆయనకే వదిలేయండి: ఏం వండాలో ఆలోచించడం, సరుకులు తేవడం, వండటం, గిన్నెలు కడగడం అన్నీ. మొదటి నెల చారు చారులా ఉండదు, మీరు నోరు తెరవకూడదు. జీవితమంతా కొలతలతో పనిచేసిన కెమిస్టుకు చింతపండు పులుసు కొలత రాకుండా పోదు. దానికి బదులుగా మీ పోపుల పెట్టె మీది, చీటీలు తీసేయాలి. మీ లైబ్రరీ రోజులు మూడూ చర్చకు రావు. అది వేణ్నీళ్లకు చన్నీళ్లు అన్న లెక్కలో చేసే ఉద్యోగం కాదని, మీకు ఆ మూడు రోజులు ఎందుకు ముఖ్యమో ఆయనకు చెప్పవలసింది మీరే.

అమ్మాయి విషయం త్వరగా తేలేదే. ఆమె అడగడంలో తప్పు లేదు, డేకేర్ ఖర్చు ఆ దేశంలో చిన్నది కాదు. కానీ 'నాన్న ఇంట్లో ఉన్నారు' అన్నది కారణమైతే పిల్లలను చూసుకునేది కూడా నాన్నే కావాలి. వారానికి రెండు రోజులు, మీరు లైబ్రరీలో ఉన్న రోజుల్లో, తాతగారు ఒప్పుకుంటే రానివ్వండి. ఆయన ఒప్పుకోకపోతే ఆ మాట ఆయనే కూతురికి చెప్పాలి, మీ నోటితో చెప్పించకూడదు. డేకేర్ మాన్పించడం మాత్రం వద్దు. ఒకసారి వదులుకున్న చోటు మళ్లీ దొరకడం కష్టం, ఆ తరువాత మీకు జ్వరం వచ్చినా సెలవుండదు.

ఫ్లోరిడాను నేను కొట్టిపారేయడం లేదు, కొనడాన్ని మాత్రం ఆపమంటాను. 1995 నాటి చట్టం ప్రకారం ఇలాంటి కాలనీల్లో కనీసం ఎనభై శాతం ఇళ్లలో 55 నిండినవారు ఒకరైనా ఉండాలి. ఆ షరతు పాటించడంతోనే అవి పిల్లలున్న కుటుంబాలను చట్టబద్ధంగా కాదనగలుగుతాయి. మనుమలు వేసవిలో వచ్చి ఎన్ని రోజులు ఉండవచ్చో ఒక్కో కాలనీకి ఒక్కో నియమం ఉంటుంది. దాన్ని సంతకానికి ముందే చదవాలి, అమ్మాయితో కలిసి చదివితే మరీ మంచిది. ఆయన మెడికేర్ అడ్వాంటేజ్ (మెడికేర్ తరఫున ప్రైవేటు కంపెనీలు నడిపే) ప్లానులో ఉంటే అది ప్రాంతాన్ని బట్టి ఉంటుంది కాబట్టి రాష్ట్రం మారితే ప్లానూ, డాక్టర్లూ మారతారు. వీటన్నిటికన్నా ముఖ్యంగా, ఆ స్నేహితులిద్దరి పక్కన రోజూ ఉండటం ఆయనకు నిజంగా నచ్చుతుందో లేదో ఆయనకే తెలియదు. ఈ జనవరి, ఫిబ్రవరి నెలలకు అక్కడ ఒక ఇల్లు అద్దెకు తీసుకోమనండి. ఆ రెండు నెలలే మీరు రాజమండ్రి వెళ్లండి.

చుట్టాలు ఏమనుకుంటారన్న భయం మీకు కలుగుతుందని తెలుసు. కలిసి వెళ్లకపోతే ఏదో జరిగిందనుకునే వారుంటారు, అనుకోనివ్వండి. మీ అమ్మగారికి 86, ఆ లెక్క వారికన్నా మీకు బాగా తెలుసు. ఆయన ఒంటరిగా వండుకుని, ఆడుకుని, సాయంత్రాలు ఎలా గడుస్తాయో చూసుకుంటారు. మీరూ ఆయన లేని రెండు నెలలు ఎలా ఉంటాయో చూస్తారు. విడిగా ఉండాలన్న మీ ఆలోచనకు కూడా అది నిజమైన పరీక్ష. అమెరికాలో 1990 నుంచి 2010 మధ్య యాభై దాటినవారి విడాకుల రేటు దాదాపు రెట్టింపయింది. ఆ ఆలోచన వచ్చిన మొదటి మనిషి మీరు కారు కాబట్టి సిగ్గుపడకండి. అవమానించడం, డబ్బు దాచడం, చెయ్యెత్తడం వంటివి ఉండి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. మీరు రాసిన దానిలో నాకు కనిపించింది ఇద్దరు అలసిన మనుషులు, ఇరుకైన ఒక వంటిల్లు.

డబ్బు విషయంలో ఒక్క మాట. 1958లో పుట్టినవారికి సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను) పూర్తి మొత్తం 66 ఏళ్ల 8 నెలలకు వస్తుంది. ఆయన ఇంకా మొదలుపెట్టకపోతే, 70 ఏళ్ల వరకు ఆగిన ప్రతి ఏడాదికీ ఎనిమిది శాతం పెరుగుతుంది. ఆయన తరువాత మీరు మిగిలితే, ఇద్దరి మొత్తాల్లో పెద్దది మీకు వస్తుంది. నాలుగేళ్లు చిన్నవారైన మీకు ఆ తేదీ ఆయన సొంత విషయం కాదు. దరఖాస్తు చేసేటప్పుడు పక్కన కూర్చోండి. అలాగే ఆయనకు రాత్రులు నిద్ర పడుతోందా, తిండి తగ్గిందా అని గమనించండి. కుంగుబాటును గుర్తించే వార్షిక పరీక్షకు మెడికేర్ చెల్లిస్తుంది, దాన్ని మామూలు చెకప్‌లో భాగంగా చేయించుకోవడానికి మగవారు అంతగా బెట్టు చేయరు.

ఈ మాటలన్నీ వంటింట్లో మొదలుపెట్టకండి, అక్కడ మీరిద్దరూ ఇప్పటికే ఒకరినొకరు తగులుకుంటున్నారు. కారులో దూరం వెళ్లే రోజు చూసుకోండి. ముందు వారి నాన్నగారి గురించి అడగండి, ఆ 1983 తరువాత ఇంట్లో ఏం జరిగిందో, మీ అత్తగారు ఎలా గడిపారో. ఆయన చెప్పడం పూర్తయ్యాక మీ సంగతి చెప్పండి. మార్చిలో ఎలా ఉన్నారో నాకు ఒక ఉత్తరం రాయండి, చారు కుదిరిందో లేదో కూడా.