సైకిల్ తొక్కడంలో హాయి పెంచిన టెక్నాలజీ ఏది? గేర్లు మాత్రం కాదు

సైకిల్ తొక్కడం ఇంకా హాయిగా అనిపించేలా చేసిన టెక్నాలజీ ఏదని అడిగారు. చాలామంది గేర్లంటారు, షాకులు (గతుకుల కుదుపు తగ్గించే స్ప్రింగులు) అంటారు, బ్యాటరీ అంటారు. నా ఓటు టైరుకి. వెడల్పాటి టైరు, అందులో తక్కువ గాలి, లోపల ట్యూబు లేకపోవడం. మిగతావన్నీ దాని తర్వాతే.

1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువుల డాక్టరు వాళ్ళబ్బాయి మూడు చక్రాల బండికి గాలి టైరు కట్టినప్పటి నుంచీ సైకిల్ సుఖమంతా అక్కడే ఉంది. మధ్యలో ఎవరు ఎక్కించారో గానీ, టైరు సన్నగా, రాయిలా ఉంటేనే స్పీడని అందరం నమ్మేశాం. గతుకుల మీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది. ఆ ఎగురుడుకి అయ్యే బలం మన కాళ్ళదే. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు వాళ్ళే ఒకప్పటి 23 మి.మీ. టైర్లు వదిలేసి 28, 30కి వచ్చారు. విజయవాడ రోడ్ల మీద మనకెందుకండీ ఆ సన్నవి? నా బండికి 40 మి.మీ. టైర్లు, గాలి ఒత్తిడి 40 పీఎస్ఐ. షాపుకెళ్తే మాత్రం కుర్రాడు బొటనవేలితో నొక్కి చూసి "ఇంకా పడుద్ది సార్" అంటూ కొడుతూనే ఉంటాడు. ఎంతకి మించి కొట్టకూడదో టైరు పక్కనే అచ్చేసి ఉంటుంది, చదివితేగా!

ఇక ట్యూబ్‌లెస్ సంగతి. మొన్న ఎండాకాలంలో ఒకరోజు తెల్లారకముందే నేనూ మా ఆఫీసు కుర్రాడూ ప్రకాశం బ్యారేజీ దాటి, కుడివైపు తిరిగి, ఉండవల్లి మీదుగా కరకట్ట ఎక్కాం. వెంకటపాలెం దాటాక ఎవరో సర్కారు తుమ్మ నరికి మండలు రోడ్డు మీదే వదిలేశారు. చీకట్లో ఇద్దరం వాటి మీదుగానే పోయాం. నా వెనక చక్రంలో దిగిన ముల్లు టిక్కు టిక్కుమని ఫ్రేముకి తగులుతోంది. దిగి లాగితే బుస్సుమని తెల్లటి నురగ పిక్క మీదంతా చిమ్మింది. అమ్మోనియా కంపు ఒకటి. చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి పట్టుకుంటే బుడగలు చిన్నవై చిన్నవై ఆగిపోయాయి. లోపల పోసేది రబ్బరు పాలు, సన్నటి నలుసులు కలిపినవి. గాలి తోసినకొద్దీ చిల్లులో ఇరుక్కుని గడ్డకడతాయి.

అటుగా గేదెల్ని తోలుకెళ్తున్న పెద్దాయన ఆగి, "ఏందయ్యా, చక్రంలోంచి పాలు కారతన్నయ్?" అన్నాడు.

"రబ్బరు పాలు బాబాయ్. పంచర్ పడితే అదే పూడిపోద్ది."

వేలితో అద్ది వాసన చూశాడు. "మా గేదె పాలకన్నా రేటెక్కువుంటదిలే" అనేసి పోయాడు.

మావాడిది సన్న టైరు, లోపల ట్యూబు. పాత ట్యూబు తీశాడు, కొత్తది ఎక్కించాడు, చిన్న పంపుతో చెమటలు కక్కుతూ గాలి కొట్టాడు. టైరు లోపల వేలు పెట్టి తడమలేదు. ఇంకో ముల్లు అందులోనే ఉంది! చివరికి సైకిల్‌తో సహా ఆటోలో ఇంటికి చేరాడు. ఇప్పటికీ గేర్లే గొప్పంటాడు.

చిక్కులు లేవనను. రిమ్ము కూడా ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చేదై ఉండాలి. మన ఎండలకి ఆ పాలు రెండు మూడు నెలల్లో అట్టకట్టేస్తాయి, సిరంజితో మళ్ళీ పోసుకోవాలి. అయినా, వాల్వుకి తొడిగిన రబ్బరు గొట్టం ఎండకి చీకిపోయి, ఉమ్మి రాసి బుడగొస్తుందేమో చూసుకున్న కాలంతో పోలిస్తే ఇదొక లెక్కా?

గేర్లని తీసిపారేయను. జపాన్ కంపెనీ షిమానో 1984లో తెచ్చిన క్లిక్కుమనే గేర్లు మంచివే. కానీ కొండవీడు ఘాట్ ఎక్కేవాడికి తప్ప, ఫ్లైఓవరే కొండైన మన ఊళ్ళో 21 గేర్లు స్టిక్కరు మీద చూసుకోవడానికే. చవక సైకిళ్ళకి ముందు పెట్టే షాకులైతే మరీ దండగ, తొక్కిన బలంలో కొంత అవే మింగుతాయి.

ఇన్ని కనిపెట్టినవాళ్ళు స్టాండు ఎందుకు పీకేశారో నాకర్థం కాదు. టిఫిన్ బండి దగ్గర ఆగితే సైకిల్‌ని చెట్టుకో గోడకో ఆనించాలి, అది జారి ఎవరి బైకు మీదో పడితే గొడవ. మడ్గార్డు కూడా విడిగా కొనుక్కోవాలట. వానల్లో అది లేకుండా ఏలూరు రోడ్డులో తొక్కితే వీపు మీద బురద చార పడుతుంది. 40 మి.మీ. టైరుకి సరిపోయే మడ్గార్డు, బరువాగే స్టాండు రెండూ దొరికే షాపు విజయవాడలో గానీ గుంటూరులో గానీ తెలిస్తే చెప్పండి, ఆదివారమే వెళ్తాను.