ఆపరేషన్ రోజును కథగా రాస్తున్న యువ రచయితకు

నల్లకుంట, హైదరాబాద్.

మిత్రులకు నమస్కారం.

మీ కథ అందింది. నల్లగొండ జిల్లా పల్లె నుంచి పిత్తాశయంలో రాళ్ళతో హైదరాబాదు వచ్చి, ఇక్కడి పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్న అరవై ఏళ్ళ స్త్రీకి ఆ ఒక్క రోజు ఎలా గడిచిందో చెప్పడానికి పూనుకున్నారు. విషయం మంచిది. మన కథల్లో ఆసుపత్రి తరచుగానే వస్తుంది గానీ, మంచం మీదున్న మనిషి కనబడడం తక్కువ. మొదటి పేజీల్లో మీరు ఆమెను చక్కగా చూపించారు కూడా. ఆ తర్వాత ఆమెను ఆపరేషన్ థియేటరు లోపలికి పంపించి, మీరు మాత్రం బయట బెంచీ మీద ఆమె భర్త పక్కన కూర్చున్నారు. తలుపు పైన ఎర్ర లైటు వెలిగింది. కాసేపటికి మీకే విసుగు పుట్టి లోపలికి వెళ్ళి, సర్జన్ చేతిలోని కత్తిని, రక్తాన్ని, మానిటర్ చప్పుడును వర్ణించి, ఆమె కళ్ళు తెరిచే వేళకు మళ్ళీ ఆమె దగ్గరికి వచ్చారు.

నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఒక్కటే. రోగి కథ రాస్తున్నప్పుడు రోగికి తెలిసినంత వరకే రాయండి, ఆమెకు తెలియని చోట ఆగండి. ఆ రోజు అందరూ ఏ పని కోసం అక్కడ చేరారో ఆ పని జరిగే గంటసేపు ఆమె అక్కడ ఉండి కూడా లేదు. ఆ గంటను మీరు పూరించిన కొద్దీ కథ ఆమె చేతిలోంచి జారి డాక్టరు చేతికీ, కుటుంబం చేతికీ పోతుంది. ఆమెకు మిగిలేవి అంతకు ముందరి ఎదురుచూపు, ఆ తర్వాతి నొప్పి, నడుమ ఆమె ఒంటి మీద పడిన రకరకాల చేతులు. కథకు అవి చాలు, అయితే వాటిని సరిగ్గా తెలుసుకుని రాయాలి.

పరగడుపు సంగతే చూడండి. మీ కథలో ఆమె ఉదయం ఏడింటికి క్యాంటీన్లో సగం కప్పు చాయ్ తాగి, తొమ్మిదింటికి థియేటరులోకి వెళ్ళింది. అలా జరగదు. మత్తు ఇచ్చాక దగ్గడం, మింగడం వంటి గొంతు రక్షణలన్నీ నిలిచిపోతాయి గనుక, కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంటుంది. అందుకే తేలికపాటి ఆహారానికి 6 గంటలు, నూనె, మాంసం ఉన్న భోజనానికి 8 గంటలు, తేట నీళ్ళకు 2 గంటలు ఎడం ఉండాలని మత్తు డాక్టర్లు నియమం పెట్టుకున్నారు. పాలు పోసిన చాయ్ వాళ్ళ లెక్కలో ఆహారమే. ఆ సగం కప్పు సంగతి బయటపడితే ఆపరేషన్ వాయిదా పడుతుంది. ఆమె దాచిపెడితే అది వేరే కథ, భయంకరమైన కథ. అయితే ఈ గంటల లెక్కలు రోగికి విడమరిచి చెప్పేవారు తక్కువ. "రాత్రి పన్నెండు దాటినంక నీళ్ళు గూడ ముట్టొద్దు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. పొద్దున ఎనిమిదికి అన్న కేసు, మధ్యలో యాక్సిడెంటు కేసు ఒకటి వచ్చిందంటే మధ్యాహ్నానికి జరుగుతుంది. అప్పటికి నాలుక అంగిలికి అంటుకుపోయి ఉంటుంది. పక్క మంచం వాళ్ళు విప్పిన ఇడ్లీ పొట్లం వాసన వార్డంతా కమ్ముకుంటుంది. బీపీ మాత్ర వేసుకోవడానికి గుక్కెడు నీళ్ళు తాగవచ్చునని సిస్టర్ అన్నప్పుడు, ఆ గుక్కెడును మింగకుండా ఆమె నోట్లో ఎంతసేపు ఉంచుకున్నదో మీరు రాయగలిగితే, సర్జన్ కత్తి మీద రాసిన రెండు పేజీలూ కొట్టేయవచ్చు.

నగలు తీయించే ఘట్టాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. నిజం చెప్పాలంటే నాకు మీ మీద కోపం వచ్చింది అక్కడే. కరెంటుతో కోసే పరికరం వాడినప్పుడు ఒంటి మీద లోహం ఉంటే కాలవచ్చునని, చేతులు, కాళ్ళు వాస్తే ఉంగరాలు బిగుసుకుంటాయని అన్నీ తీయించేస్తారు. పెళ్ళినాటి నుంచి కదలని మెట్టెలు సబ్బునీళ్ళకు కూడా లొంగవు. ఆయా ఆమె పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, వేలికి దారం చుట్టి, ఎర్రబడే దాకా తిప్పి తిప్పి లాగుతుంది. మెట్టె వచ్చిన చోట చర్మం ఎండ తగలక తెల్లగా, పలచగా ఉంటుంది. పుస్తెలతాడు తీయమన్నప్పుడు ఆమె భర్త వైపు చూస్తుంది, ఆయన గోడ వైపు చూస్తాడు. వార్డులోని పెద్దావిడ ఎవరో పసుపుకొమ్ము కట్టిన దారం ఒకటి సిద్ధం చేసి ఆ ఇరకాటం తప్పిస్తుంది. గోళ్ళకు రంగు ఎందుకు ఉండకూడదంటారో కూడా తెలుసుకోండి: వేలికి తగిలించే క్లిప్పు గోరు గుండా వెలుతురు పంపి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో కొలుస్తుంది. ఇక కట్టుడు పళ్ళు. వాటిని తీసి డబ్బాలో పెట్టించాక, కొత్తవాళ్ళ ముందు బోసినోటితో మాట్లాడవలసి వచ్చి, అలవాటు కొద్దీ నోటికి కొంగు అడ్డం పెట్టుకోబోతే కొంగు లేదు. వెనక నాడాలున్న గౌను ఉంది.

థియేటరుకు తీసుకువెళ్ళేముందు, అక్కడికి చేరాక, బల్ల ఎక్కించాక, వచ్చిన ప్రతివాళ్ళూ ఆమెను "నీ పేరేంటమ్మా? ఏం ఆపరేషన్?" అని అడుగుతారు. మీరు దీన్ని ఆసుపత్రి నిర్లక్ష్యానికి గుర్తుగా వాడుకున్నారు. విషయం అందుకు పూర్తిగా విరుద్ధం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఒక చెక్‌లిస్టు తెచ్చింది. మత్తు ఇచ్చేముందు ఒకసారి, కోత పెట్టేముందు ఒకసారి, రోగిని థియేటరు నుంచి బయటికి పంపేముందు ఒకసారి అందరూ ఆగి, మనిషి ఎవరు, ఏ ఆపరేషన్, ఒంట్లో ఏ చోట, ఏ మందులు పడవు, వాడిన గుడ్డలు, సూదులు లెక్కకు సరిపోయాయా అని పైకి చెప్పుకుని సరిచూసుకోవాలి. ఇది డాక్టర్లకు తెలుసు, ఇప్పుడు మీకూ తెలుసు. ఆమెకు మాత్రం తెలియదు. "పొద్దుగాల సంది ఇంతమందికి చెప్పిన, ఇంకా నేనెవలో ఎరుకలేదా వీళ్ళకు" అని ఆమె బెదరడం సహజం. ఆ బెదురును ఉంచండి, ఆసుపత్రి మీది వ్యాఖ్యను తీసేయండి.

సంతకం దగ్గర మీరు ఒక పెద్ద విషయాన్ని తాకి వదిలేశారు. ఆమె స్పృహలో ఉండి, పక్కనే కూర్చుని చూస్తుండగా కాగితాల మీద భర్త, కొడుకు సంతకాలు పెట్టారు. చాలాచోట్ల జరిగేది అదే, కాదనను. ఆరోగ్యశ్రీ అనుమతి వచ్చిందా అని, ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి తిరిగేదీ కొడుకే, రక్తం కోసం పరిగెత్తేదీ కొడుకే, కాబట్టి కాగితమూ అతని దగ్గరికే వెళుతుంది. కానీ సమ్మతి చట్టప్రకారం ఆమెది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఒక స్త్రీకి, బయట కూర్చున్న తల్లి అనుమతి తీసుకుని గర్భాశయం తొలగించిన కేసులో, ప్రాణాపాయం లేనప్పుడు, స్పృహ వచ్చాక ఆమెనే అడిగే వీలున్నప్పుడు ఇంకొకరి అనుమతి చెల్లదని సుప్రీంకోర్టు 2008 జనవరిలో తీర్పు ఇచ్చింది. మీ కథలో కోర్టును తీసుకురానక్కర లేదు. ఆ కలం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతున్నంతసేపూ ఆమె చూపు ఎక్కడుందో చెబితే చాలు. చదువు వచ్చిన మనిషిగా మీరే ఆమెను చూపించారు కదా, మరి ఆ కాగితం చదవాలని ఆమెకు ఎందుకు అనిపించలేదు? అనిపించి ఉంటే ఎవరిని అడిగింది?

లోపలి మాటలు కూడా చెవిపెట్టి వినండి. ట్రాలీ నెట్టే అతను "సీదా లేటో అమ్మా" అంటాడు. కేరళ నుంచి వచ్చిన సిస్టర్ తనకు పట్టుబడినంత తెలుగులో కాలు మడవద్దని చెబుతుంది. డాక్టర్లు తమలో తాము ఇంగ్లీషులో మాట్లాడుకుని, ఆమె వైపు తిరిగినప్పుడు తెలుగులోకి వస్తారు. మీ కథలో అందరూ ఒకే తెలుగు మాట్లాడారు. హైదరాబాదు థియేటరులో అది జరగని పని.

ఇక మత్తు. "క్లోరోఫాం వాసన ముక్కుకు సోకగానే ఆమె కళ్ళు మూతపడ్డాయి" అని రాశారు. హైదరాబాదులో కూర్చుని ఈ వాక్యం రాయడానికి రచయిత కాస్త జంకాలి. క్లోరోఫాం గుండెను ఆపి చంపుతుందా, ఊపిరిని ఆపి చంపుతుందా అని వైద్యులు వాదులాడుకుంటున్న రోజుల్లో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సాయంతో 1888లోనూ 1889లోనూ రెండు క్లోరోఫాం కమిషన్లు ఇక్కడే పనిచేశాయి. ఇక్కడి బ్రిటిష్ రెసిడెన్సీలో సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించాడు. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చాడు. ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలునని వాళ్ళు తేల్చారు. ఆ తీర్మానం నిలవలేదు, గుండె లయ తప్పి కూడా ప్రాణం పోవచ్చునని 1911లో లెవీ అనే వైద్యుడు చేసిన ప్రయోగాలు చూపించాయి. ఈ నగరపు వైద్య పాఠశాలలో చదువుకున్న రూపాబాయి ఫర్దూన్జీ, మత్తు వైద్యం చేపట్టిన తొలి మహిళల్లో ఒకరుగా ప్రపంచ వైద్య చరిత్రలో చోటు సంపాదించారు. ఇంత చరిత్ర ఉన్న క్లోరోఫాం థియేటర్లను వదిలి ఎంతో కాలమైంది. మన కథలను, సినిమాలను మాత్రం వదలడం లేదు.

ఇప్పుడు ఇలాంటి ఆపరేషన్‌కు సాధారణంగా చేతికి పెట్టిన సూదిలోంచి ప్రొపొఫాల్ అనే తెల్లటి మందు ఎక్కిస్తారు. ఎక్కేటప్పుడు చెయ్యి మంట పుడుతుంది, కొందరికి చివరిగా గుర్తుండేది ఆ మంటే. కంగారు తగ్గడానికి అంతకు ముందే మిడజోలం ఇచ్చి ఉంటే, ఆ తర్వాత తాను మాట్లాడిన మాటలు కూడా ఆమెకు గుర్తుండకపోవచ్చు. అంటే థియేటరు లోపలి గోడలు, పెద్ద దీపాలు, ముసుగులు వేసుకున్న మనుషులు అంటూ మీరు రాసిన పేరా ఆమెకు దక్కుతుందో లేదో ఆలోచించుకోండి. నేనైతే దాన్ని సగానికి కోస్తాను.

మంట దగ్గర వాక్యం ఆపండి. కాస్త ఖాళీ వదలండి. తర్వాతి వాక్యం ఎవరో ఆమెను పేరు పెట్టి పిలవడంతో మొదలు కావాలి. నిద్రపోయి లేచినప్పుడు ఎంతో కొంత సేపు గడిచిందన్న ఎరుక మనకు ఉంటుంది. మత్తు నుంచి లేచినవారిలో చాలామందికి అదీ ఉండదు. ఎప్పుడు మొదలుపెడతారని ఆమె అడుగుతుంది, అయిపోయిందని చెబుతారు, కాసేపటికి అదే మళ్ళీ అడుగుతుంది. ఒకవేళ లోపలి గంటను కూడా రాయాలన్న కోరిక మీకు బలంగా ఉంటే ఆపరేషనే మార్చండి. వెన్నుకు సూది వేసి చేసే హెర్నియా అయితే ఆమె మెలకువగా ఉంటుంది. కాళ్ళు ముందు వెచ్చబడి, తర్వాత బరువెక్కి, ఆఖరుకు ఎవరివో అన్నట్టు ఉండిపోతాయి. నొప్పి తెలియదు గానీ ఎవరో లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తుంది. గుడ్డ తెరకు అవతల డాక్టర్లు పిల్లల స్కూలు ఫీజుల గురించి మాట్లాడుకోవడం వినబడుతుంది.

మెలకువ వచ్చాక ఆమె మొదట భర్త చేయి పట్టుకుందని రాశారు. రికవరీ గదిలోకి ఆయనను మామూలుగా రానివ్వరు. అక్కడ ఆమెకు తోడుండేవి వణుకు, గొట్టం వేసి తీసినందువల్ల గొంతులో గరగర, నీళ్ళివ్వరు గనుక పెదవులకు అద్దే తడి దూది. పైగా పొట్ట మీద జానెడు కోత అన్నారు. పిత్తాశయాన్ని ఇప్పుడు ఎక్కువగా చిన్న చిన్న రంధ్రాల గుండా తీసేస్తున్నారు. లోపల చోటు కోసం పొట్టను కార్బన్ డయాక్సైడుతో ఉబ్బిస్తారు. మిగిలిపోయిన గ్యాసు ఉదరవితానాన్ని, అంటే పొట్టకూ ఛాతీకీ నడుమ ఉండే కండర పొరను, రేపితే, అక్కడి నరం మూలాలు భుజానికి సంబంధించినవి కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుంది. పొట్టకు ఆపరేషన్ చేస్తామని చెప్పి తన భుజాన్ని ఏం చేశారోనని ఆమె భయపడుతుంది చూడండి, మీ ఊహ కన్నా ఆమె ఒళ్ళు మంచి కథకురాలు.

రాళ్ళ సంగతి మీరు మరిచిపోయారు. వాటిని చిన్న సీసాలో వేసి కొడుకు చేతికిస్తారు, పిత్తాశయాన్ని పరీక్షకు పంపుతారు. ఆమె కళ్ళు పూర్తిగా తెరుచుకోకముందే ఆ రాళ్ళ ఫోటో చుట్టాల సెల్‌ఫోన్లన్నీ తిరిగి వస్తుంది. తన ఒంట్లోంచి వచ్చినదాన్ని అందరికన్నా చివర చూసేది ఆమె.

సాయంత్రం రౌండుకు వచ్చిన పెద్ద డాక్టరు, వెనక విద్యార్థులు, పక్కన అల్లుడు నిలబడి ఉండగానే "గ్యాస్ పోయిందా అమ్మా?" అని గట్టిగా అడుగుతాడు. పేగులు కదులుతున్నాయో లేదో తెలియడానికి అది అడగవలసిన ప్రశ్నే. అల్లుడి ముందు అత్తగారు దానికి ఏం జవాబు చెబుతుంది? నవ్వొచ్చేలా రాయడానికి జంకకండి. ఆసుపత్రి కథలో నవ్వు ఉండకూడదని ఎవరు చెప్పారో గానీ, వార్డులో ఉన్నవాళ్ళు మాత్రం చెప్పి ఉండరు. డాక్టరును దేవుడితో పోల్చిన ఆఖరి పేరాను మాత్రం పూర్తిగా తీసేయండి. ఆ డాక్టరు ఆమెకు ఆ రోజు కనిపించింది ఆ ఒక్క ప్రశ్న అడిగినంతసేపే.

తిరగరాసేముందు మీ ఇంట్లోనో, వీధిలోనో ఆపరేషన్ చేయించుకున్నవారితో, వారికి ఇష్టమైతేనే, మాట్లాడండి. "ఎలా జరిగింది?" అని అడిగితే డాక్టరు చెప్పినదే మీకు అప్పజెబుతారు. మెట్టెలు ఎవరు తీశారు, మొదట నీళ్ళు ఎవరు తాగించారు, చెప్పులు ఎక్కడ పెట్టారు అని అడగండి. మందుల పేర్లు, గంటల లెక్కలు మత్తు డాక్టరు ఎవరికైనా చూపించి సరిచూసుకోండి. ఈ కథకు సర్జన్ కన్నా ఆయనతోనే మీకు ఎక్కువ పని. కొత్త ప్రతిని దసరా లోపు పంపగలిగితే తీరికగా చదువుతాను.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి